బడి బుట్ట

మా బడి తలుపు మీద చెక్కిన పేరు శేషన్న తండ్రిది. బడిని నడిపింది మాత్రం రైతుల పత్తి. ఆదోని కోట కింద పాతపేటలో పత్తి మండీలన్నీ ఒకే సందులో ఉండేవి. బండి మీదనుంచి బోరెం, అంటే పెద్ద గోనెసంచి, దించి, కుట్టు విప్పి, కొనేవాడు చూడడానికి లోపలినుంచి ఒక పిడికెడు పత్తి లాగేవారు. చూసిన పిడికెడును తిరిగి బోరెంలో వేయడం ఆ వీధిలో ఆచారం కాదు. అది బడి బుట్టలో పడేది. వేసవి చివరికి ఆ బుట్టల పత్తి ఒక రాశి అయి జిన్నింగు మిల్లుకు పోయేది. దాని మీదనే ఏడాది పొడవునా ఆడపిల్లల ధర్మబడి నడిచేది. బడి వెనక రెండు గదుల్లో పంతులమ్మనైన నేనూ, నా తల్లి భీమాబాయీ బతికేవాళ్లం.

బుట్టను మా పిల్లలే పట్టుకునేవారు. పెద్దవాళ్లు పట్టుకుంటే రైతు పోట్లాడతాడు, పిల్లలతో ఎవడు పోట్లాడతాడు? ఆ తెలివి శేషన్నది. బడికి ధర్మకర్త ఆయనే, బడికి ఎదురుగా ఉన్న మండీ ఆయనదే. పిల్లలు ఊరికే నిలబడకుండా ఏదైనా పాట పాడితే బాగుంటుందని కూడా ఆయనే అన్నాడు. పాట రాసింది నేను.

పిడికెడు పత్తి పెట్టండి
పిల్లల పలకకు పెట్టండి
ఇచ్చిన చేతికి చేటు లేదు
పెట్టిన ఇంటికి కొరత లేదు

రాసినప్పుడు మూడో పాదం నాకు చాలా నచ్చింది.

నలభై మూడో సంవత్సరం మాఘమాసంలో హులిగమ్మ బండి వచ్చింది. అంతకుముందు సంవత్సరం వానలు లేవు. ఆ ఏడు పడీపడకుండా పడ్డాయి. బోరేలు సగం సగం నిండి వచ్చేవి. హులిగమ్మది నందవరం దగ్గర పల్లె. భర్త పోయాక సేద్యం తానే చేసుకునేది, మండీకి తానే వచ్చేది. ఆ రోజు మామ తిమ్మయ్యనూ, కూతురు ఈరమ్మనూ వెంట తెచ్చింది. ఈరమ్మకు మా పెద్ద తరగతి పిల్లల వయసు, పదేళ్ల దాకా ఉంటుంది.

మా పిల్లలు బుట్ట పట్టుకుని పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేదాకా ఈరమ్మ బండి మీద కదలకుండా కూర్చుంది. తర్వాత అరిచింది.

"ఏయ్ పాపా! మీరు పాడితే మేము పత్తి ఇయ్యాల. నేను పాడితే మీరేమిస్తారు?"

"నీకు పాట రాదు గదా" అంది మా పిల్లల్లో ఒకతె.

"రాదా?"

ఈరమ్మ నొగల మీద నిలబడి నాలుగు పాదాలూ పాడింది. విన్నది ఒక్కసారే. చివర 'కొరత లేదు' అన్నచోట సగం నిండిన బోరేలవైపు చెయ్యి చాపి చూపించింది. హమాలీలు పగలబడి నవ్వారు.

"సూడండప్పా మా మనవణ్ణి!" అన్నాడు తిమ్మయ్య. "నోరు సూడండి! రేపు వీడే మండీకొచ్చి మీ తక్కెడ గూడా సక్కగ నిలబెడతాడు."

"మనవడేమిటి తాతా? ఆడపిల్ల కదా" అన్నాను.

"ఈ జాతర దాటితే మనవడే, పంతులమ్మా."

అందరూ మళ్లీ నవ్వారు. బోరెం కుట్టు విప్పుతున్న హులిగమ్మ చెయ్యి మాత్రం ఆగిపోయింది.

తూకం అయ్యాక ఆమె బడి అరుగు దగ్గరికి వచ్చింది. మెట్టు ఎక్కలేదు.

"ఒక మాట అడగాల పంతులమ్మా."

"పైకి వచ్చి కూర్చో."

"ఈడనే బాగుండాది."

కిందనే నిలబడి చెప్పుకొచ్చింది. వాళ్ల ఇళ్లలో మగపిల్లవాడు లేకపోతే ఒక కూతురిని అమ్మవారి పేర విడిచే ఆచారం ఉంది. మెడలో ముత్యం కడతారు. బసివి అంటారు. ఆ పిల్ల కొడుకు స్థానంలో పుట్టింట్లోనే ఉండిపోతుంది. పొలం ఆమెది. తలకొరివి ఆమె పెడుతుంది. పెళ్లి ఉండదు. ఆ తరువాతి బతుకు ఎట్లా ఉంటుందో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ నోట అనరు.

"మా మామ సెడ్డోడు గాదు" అంది హులిగమ్మ. "నా మొగుడు పోయినంక ఇల్లు ఆరిపోతాదని ఆయప్ప బయం. పోయినేడు వానల్లేనప్పుడు అమ్మోరికి మొక్కుకున్నాడు. మొక్కింది ఆయప్ప. ముత్యం నా బిడ్డ మెడకు."

"నువ్వు వద్దని చెప్పలేవా?"

"నేను సెప్తే అది కోడలి మాట. పిల్ల ఇంట్లో లేదనుకో, అప్పుడు మాటతో పని లేదు గదా. సదువుల బడిలో ఉండాదంటే మామ గూడా గమ్మునైతాడు. ఆయప్పకు సదువంటే శానా మర్యాద. ఈ యేడు దాటితే పిల్ల ఎదుగుతాది. ఎదిగినోల్లకు ముత్యం కట్టరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "జాతర దాటేదాకా పెట్టుకో తల్లీ. ఏండ్లుగా నీ బుట్టలో పిడికెడు పిడికెడు ఏస్తానే ఉండా. ఒక్క పిల్లను అడుగుతాండా."

మండీ గుమ్మంలో నిలబడి వింటున్న శేషన్న ఇవతలికి వచ్చాడు.

"బడిలో చేర్చుకోవడానికి నాకేమీ అడ్డం లేదమ్మా అంబాబాయీ. ఊరి పిల్లలకే అనే కట్టుబాటు ఉంది, ఒక్కదానికి సడలించుకోవచ్చు. అయితే రాత్రులు ఉండే వసతి మన బడికి లేదు గదా. మీ ఇంట్లో పెట్టుకుంటామంటే మీ ఇష్టం. అమ్మగారి మడి సంగతి మీకే తెలిసుండాల."

ఆయన ఆ మాట తప్పుకోవడానికి అన్నాడో, మనస్ఫూర్తిగానే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. ఏ విధంగా అన్నా, తేల్చవలసింది నేను.

"ఆలోచించి చెప్తాను" అన్నాను.

"ఆలోచించుకో తల్లీ. ఉగాది దాటినంక పున్నమికి జాతర. శానా దినాలుండాయి."

ఆమె నమ్మకంగా అంది. బండి సందు మలుపు తిరిగేటప్పుడు ఈరమ్మ గొంతు వినిపించింది. పాటలో పలకకు బదులు ఎద్దు పేరు చేర్చి పాడుతోంది.

పిల్లను తెచ్చుకోవాలని నాకు ఆ క్షణమే అనిపించింది. ఈ మాట చెప్పడం నన్ను నేను కాపాడుకోవడానికి కాదు. అనిపించకపోయి ఉంటే నా పని ఇప్పుడు తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నప్పుడు నాలో ఒక సంతోషం కనిపించింది. పాతపేటలో అరుగుల మీద ఏమనుకుంటారో నా మనసు అప్పుడే కూర్చుకుంటోంది. మడి ఇంట్లో రైతు పిల్లను పెట్టుకుందట. తల్లిని ఎదిరించిందట. మాధవరం ఆచార్యుల కూతురంటే ఆ మాత్రం ఉండదా? ఆ ఊహలో ఈరమ్మ ఎక్కడా లేదు. ఉన్నది నేనే.

నాకు సిగ్గేసింది. చిన్నతనంలో భర్తను పోగొట్టుకుని మాధవరం వచ్చినప్పుడు మా నాన్న నాకు శాస్త్రం చెప్పడం మొదలుపెట్టాడు. బయటివాళ్లు ఏమన్నా మానలేదు. ఫలం మీద ఆశతో చేసిన మంచి పని, మంచి పని వేషం వేసుకున్న బేరం అనేవాడు. తుంగభద్ర ఒడ్డున ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో తాళం పడినట్టు, గది భద్రమైనట్టు అనిపించింది. అందువల్ల నేను చేసిన నిర్ణయం ఇది: ముందు ఈ సంతోషం పోవాలి. మనసు శుభ్రపడ్డాకే పిల్లను తెచ్చుకుంటాను. గిన్నె తోమిన తర్వాతే కదా వడ్డిస్తాం.

ఆ సంతోషాన్ని చంపడానికి మాఘమంతా పట్టింది. అది చచ్చిన చోట మరొకటి మొలిచింది. చంపగలిగానన్న సంతోషం.

ఫాల్గుణంలో ఒక సంతరోజు హులిగమ్మ మళ్లీ వచ్చింది. గుడ్డలో కందులు మూటగట్టి తెచ్చి అరుగు మీద పెట్టింది. ఈరమ్మ చెయ్యి విడిపించుకుని బడి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. లోపల పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు. ఊచలు పట్టుకుని, వాళ్ల వెనకే పెదవులు కదుపుతూ నిలబడింది.

"ఏమాయె తల్లీ?" అంది హులిగమ్మ.

"ఇంకా తేల్చుకోలేదు."

"నానబెట్టినావా? నానినకాడికి నానింది గానీ ఇంగ పొయ్యి మీదికి ఎక్కించు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే అన్నాను: "మా అమ్మ పెద్దావిడ. మడి, ఆచారం. ఆమెను ఒప్పించాలి."

ఆ వాక్యం దానంతట అదే వచ్చింది. అమ్మతో ఆ విషయం నేను ఒక్క మాటైనా అనలేదు. అనవలసిన అవసరం కనిపించలేదు. ఆమె సమాధానం నాకు తెలుసనుకున్నాను. బడి హాలుకూ మా వంటింటికీ నడుమ ఉన్న తలుపుకు పొద్దు వాలగానే ఆమె గడియ వేసేది. ఆ గడియ చప్పుడునే ఆమె సమాధానంగా తీసుకున్నాను.

హులిగమ్మ ఆ తలుపు వంక చూసింది.

"పెద్దోల్ల మాట కాదనలేము. నా ఇంట్లో మామ, నీ ఇంట్లో అమ్మ" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

వెళ్లేటప్పుడు ఈరమ్మ కిటికీ వదల్లేదు. తల్లి రెక్క పట్టుకుంటే నావైపు తిరిగింది.

"పంతులమ్మా, ఈ కిటికీ కింద పండుకుంటా. నేను ముడుచుకొని పండుకుంటాను. నాకు జాగా శానా పట్టదు."

"ఊరుకోవే" అంది తల్లి.

ఆ రోజు వాళ్లను ఆపి ఉండవచ్చు. ఆపకపోవడానికి కారణం కూడా నాకు గుర్తుంది. పిల్ల మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కరిగిన మనసుతో తీసుకున్న నిర్ణయం నిలవదని నాకు నేను చెప్పుకున్నాను. కందులు మాత్రం లోపలికి తీసుకున్నాను.

ఉగాది వచ్చి పోయింది. ఒకనాటి ఉదయం బావి దగ్గర చేద లాగుతుండగా ఈరమ్మ తలపుకు వచ్చింది. నాలో ఏమీ కదలలేదు. మెచ్చుకోలు మీద ఆశ లేదు, భయం లేదు, జాలి కూడా లేదు. పిల్ల రావాలి, అంతే. నీళ్ల మీది నురగ తేలిపోయినట్టుంది. ఇంతకాలం ఎదురుచూసింది దీనికోసమే అనుకున్నాను. పున్నమికి ఇంకా రోజులున్నాయి. శేషన్నతో చెప్పి, బడికి సెలవిచ్చి, ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. అమ్మతో పని మీద పోతున్నానని మాత్రం చెప్పాను.

యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొయ్యి వెనక కట్టుకుని నడిచేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడవవలసి వచ్చింది. ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి నిశ్శబ్దంగా ఉంది. నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. నందవరం వైపు పోయే బండి కోసం చూస్తూ ఒక అంగట్లో పలక కొన్నాను. చెక్క చట్రానికి ఎర్ర రంగు వేసిన పలక. ఈరమ్మ ఎరుపే అడుగుతుందని ఎందుకో అనిపించింది.

హులిగమ్మ ఇంటి గోడకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. సున్నం మీద ఎర్రమన్ను పట్టెలు. తలుపుకు గొలుసు వేసి ఉంది.

"యావరు గావాలమ్మా?" అంది పక్కింటి గుమ్మంలో నుంచి ఒక ముసలామె.

"హులిగమ్మ."

"జాతరకు పోయిరి గదా. బండ్లు గట్టి మూడు దినాలాయె."

"జాతర పున్నమికి కదా!"

"పున్నమికే. ఎద్దులు నడిసి, ఏరు దాటి పోవాలంటే ఊరికెనే అవుతాదా తల్లీ? మొక్కులోల్లు ముందే పోయి అమ్మోరి కాడ తడిగుడ్డలతో పండుకోవాల."

జాతర రోజు నాకు తెలుసు. ఎద్దుల నడక సంగతి నేను ఆలోచించలేదు. పుట్టినప్పటినుంచి ఆ దారుల మీద ఎద్దుబండ్లను చూస్తూనే ఉన్నాను.

"ఇప్పుడు బయలుదేరితే అందుకోవచ్చా?"

ముసలామె నా చేతిలో పలకను చూసింది. "యాడికమ్మా? నీవు పోయేతలికి అంతా ఐపోతాది." మళ్లీ పలక చూసి, "నీవు ఆదోని పంతులమ్మవా?" అంది.

"అవును."

"పోయేముందు హులిగమ్మ ఇంటి ముందర కట్ట మీద కూసోని దావ సూస్తానే ఉండె. బండెక్కే అని మామ కేకలేసినా ఎక్కదే. ఆదోని నుంచి పంతులమ్మ వస్తాదనె."

నేను ఆ కట్ట మీద కూర్చున్నాను. ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

మరునాడు ఇల్లు చేరేసరికి అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పలక చూసి ఎవరికని అడిగింది. చెప్పాను. మాఘంనుంచి జరిగినదంతా చెప్పాను. నా మనసు గురించి కూడా చెప్పాను. అమ్మ ఏరడం మానలేదు.

"నా మడి అడ్డమని ఆ హులిగమ్మకు ఎవరు చెప్పిరి?"

"నేనే."

"నీకెవరు చెప్పిరి?"

నేను పలకను గోడకు ఆనించాను.

"నన్నడిగినావా అంబా?"

చేట కింద పెట్టింది.

"ఏరు పొంగిన ఏడు మాధవరంలో మన పడసాలలో యావరు యావరు పండుకున్నారో నీకు గుర్తు లేదు, చిన్నదానివి. చిన్నబిడ్డల తల్లులు, చాకలోళ్లు, పడవ నడిపేటోళ్లు. మడి నా వంటింటికి. పడసాలకు మడి ఏంది? అడిగింటే ఆ హాల్లో దాని పక్కన నేనే పండుకొనుంటి. పిల్ల ఒక్కతే భయపడదా, కొత్తచోట?"

లేచి వెళ్లి హాలు తలుపు గడియ తీసింది. పలకను తీసుకుపోయి కిటికీ కింది గూట్లో నిలబెట్టింది. ఆ రోజునుంచి పొద్దు వాలినా ఆ తలుపుకు గడియ పడలేదు. అమ్మ వంటింట్లో నుంచి హాలుకేసి చూస్తూ జపం చేసుకునేది. నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడేది. నేను చదువుకోవడానికి కూర్చుంటే మాత్రం దీపం నా దగ్గర పెట్టి, లేచి వెళ్లిపోయేది. ఇంతకుముందు కూర్చుని వినేది.

వైశాఖంలో ఆఖరు ఏరుడు పత్తి వచ్చింది. వన్నె తగ్గిన పత్తి, కొద్ది బోరేలు. ఒక ఉదయం శేషన్న మండీ ముందు తిమ్మయ్య బండి ఆగింది. హులిగమ్మ రాలేదు. ఎద్దుల పక్కన తాత తలగుడ్డ చుట్టుకుని ఈరమ్మ నిలబడి ఉంది. మెడలో నల్లపూసల నడుమ తెల్లని ముత్యం.

"బేరం నాతో గాదప్పా" అన్నాడు తిమ్మయ్య బండి మీదనుంచి. "నా మనవడితో మాట్లాడుకోండి."

"ఏమప్పా ఈరన్నా, ఈసారి పత్తి ఇట్ల నల్లగుండాదే?" అన్నాడు ఒక హమాలీ.

"నీకన్నా తెల్లగానే ఉండాదిలే" అంది ఈరమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. బోరెం కుట్టు తానే విప్పింది.

బుట్ట పట్టుకున్న మా పిల్లలు సందు నడుమ ఆగిపోయారు. ఆ ముత్యం గురించి వాళ్ల ఇళ్లలో ఏదో చెప్పి ఉంటారు. ముందుకు రావడం లేదు, పాట ఎత్తడం లేదు. శేషన్న నావైపు చూశాడు. నేను అరుగు దిగి వాళ్ల చేతిలోనుంచి బుట్ట తీసుకుని ఈరమ్మ ముందు నిలబడ్డాను.

"మీ అమ్మ బాగుందా?"

"బాగుండాది. చేన్లో పత్తికట్టె పెరుకుతాంది."

బోరెంలో చెయ్యి పెట్టి పిడికెడు పత్తి లాగింది. కొనేవాడికి చూపించింది. అతడు తల ఊపాడు. చెయ్యి బుట్ట మీదికి తెచ్చింది కానీ గుప్పిట విప్పలేదు.

"పాట పాడు పంతులమ్మా."

"నీకు వచ్చు కదా. నువ్వే పాడు" అన్నాను.

"ఇచ్చేది నేను, అడిగేది నీవు. నీవే పాడాల."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ముఖం చూశాను. లేదు. ఆ వీధి ఆచారం ఏమిటో నాకు గుర్తు చేసింది, అంతే. వెనక కిటికీలో అమ్మ నిలబడి ఉందని నాకు తెలుసు. మా పిల్లలు నా కొంగు పట్టుకుని ఉన్నారు.

పాడాను. మొదటి పాదం, రెండో పాదం. మూడో పాదం దగ్గర ఈరమ్మ గుప్పిట విప్పింది. పత్తి బుట్టలో పడింది. నాలుగో పాదం కూడా పాడాను. నా గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు.